శనగల మహానందమ్మ బరువు

మహానందమ్మ దవడలను నంద్యాలలో తీగలతో బిగించిన రోజున ఆళ్లగడ్డ బజారు మీద ఒక వింత నిశ్శబ్దం వాలింది. "పిండి గిర్ని ఆగిపోయినట్టుందప్పా," అన్నాడు హమాలీ ఓబయ్య, వీపు మీది బస్తా దించి చెవులు తడుముకుంటూ.

ఆమె పుట్టిల్లు గోస్పాడు. పెళ్లయి ఈ శనగల కొట్టుకు వచ్చింది. మొగుడు పోయాక గల్లా ముందు తానే కూర్చుంది. రైతు తెచ్చిన శనగలను పిడికిట్లో ఆడించి, చప్పుడును బట్టి తేమ చెప్పేది. తేమ ఉంటే ఆ రైతు వంశం సంగతి కూడా చెప్పేది. అలాగే ఓబయ్యను తిడుతూ తిడుతూ అరుగు మీద ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక అరుగు లేదు.

విరిగిన దవడ అతికేదాకా పలచటివే పట్టాలన్నాడు డాక్టరు. "బరువు చూస్తుండండి. బాగా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే." మొగుడి ఆఖరి రోజుల్లో అలాంటి గొట్టంలో గంజి పోసింది మహానందమ్మే. రుచి పోయి, ఆకలి పోయి, వద్దనే హక్కు కూడా పోయిన ఆ మొహాన్ని ఆమె మరిచిపోలేదు.

పట్టే పని కోడలు హిమబిందుది. చాగలమర్రి వ్యాపారుల ఇంటి పిల్ల. అత్త మాటలు పడీ పడీ రాటుదేలింది. పప్పు కట్టు, రాగి జావ గుడ్డలో వడపోసి, సిరంజి మూతిని చెంపకూ పళ్లకూ నడుమ దూర్చి మెల్లగా వదిలేది. బిగిసిన పళ్ల సందుల్లోంచి అత్త మాట ఈలలా వచ్చేది.

"ఏందే ఇది? గిన్నెలు కడిగిన నీళ్లా?"

"పప్పు కట్టు. తాగు."

"మీ చాగలమర్రిలో దీన్ని పప్పంటారా?"

"మా చాగలమర్రిలో నోరు కట్టేసినోళ్లు ఇంత మాట్లాడరు."

రెండు సిరంజిలు లోపలికి పోయేవి. మూడోది గడ్డం మీదుగా మెడలోకి కారిపోయేది. ఈ కోడలి చేతికి పిచ్చుకపిల్లలా నోరు అందించడం కన్నా ఆకలే మర్యాదగా తోచింది మహానందమ్మకు.

ప్రతి పొద్దునా కొట్టులో కాటా ఎక్కేది. కొడుకు నారాయణ అంకె చదివి, "తగ్గలేదమ్మా," అని మురిసేవాడు. హిమబిందుకు అంతుపట్టలేదు. గిన్నెలు సగం నిండుగానే తిరిగొస్తున్నాయి. అత్త బంగారు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రవిక ఉంది గానీ లోపల మనిషి కరిగిపోతోంది. కాటా మాత్రం కదలడం లేదు.

ఒకరోజు కాటా మీంచి దించుతుంటే అత్త నడుం దగ్గరి చీర మడతల్లోంచి ఏదో జారి హిమబిందు పాదం మీద పడింది. ఇనుప తూకం రాయి. కొత్త కాటా వచ్చాక గల్లా కింద పడేసిన పాతవాటిలో ఒకటి.

"ఏందీ చప్పుడు?" నారాయణ తిరిగి చూశాడు.

కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే హిమబిందు కుచ్చిళ్లు రాయి మీదికి జార్చింది. "తాళాలగుత్తి."

లోపలి గదిలో తలుపేసి అత్త నడుం తడిమింది. ఇంకో రెండు రాళ్లు దొరికాయి. ఒంటి వేడికి వెచ్చబడి ఉన్నాయి.

"ఇంట్లోనే తూకం మోసమా?"

"పో, చెప్పుకో పో నీ మొగునికి."

"చెప్తే ఈ పొద్దే నంద్యాల, గొట్టం. ఊరు నిన్నంటాదా? కోడలు కడుపు మాడ్చిందని నన్నంటాది." హిమబిందు రాళ్లను మంచం మీద వరసగా పెట్టింది. "రేపట్నించి ఈటిని నేనే కడతా. నువ్వు తాగి ఎంత పెరిగితే అంత తీసేస్తా. తాగకపోతివా, నడి బజార్లో నీ మడతలిప్పుతా."

"దొంగదానా."

"నీ కాడ నేర్చిన యాపారమే."

ఆ పూట గిన్నె ఖాళీ అయింది, గుక్కకో తిట్టుతో. కట్టు రోజురోజుకూ చిక్కబడింది, నెయ్యి పడింది. ఉప్పు ఎక్కువైందని అత్త సిరంజిని ఒక్క దెబ్బ కొట్టింది. మొహం మీద చిందిన జావ తుడుచుకోకుండానే హిమబిందు మళ్లీ నింపింది. కొట్టు తెరవకముందే రాళ్లు లేకుండా ఒకసారి తూచేది, తర్వాత కొరత పడినంత కట్టేది. ఒకరి నడుం చుట్టూ ఇంకొకరి చేతులు, చూపులు మాత్రం చెరో గోడ మీద. ముందు చిన్న రాయి పోయింది, తర్వాత దాని అన్న. అంకె అదే. దాని కింద మనిషి మెల్లగా మళ్లీ పోగవుతోంది. నారాయణ మాత్రం "తగ్గలేదమ్మా" అంటూనే ఉన్నాడు.

మళ్లీ నంద్యాల పోయే నాటికి ఒక్క రాయి మిగిలింది. ఆస్పత్రి వరండాలో హిమబిందు చెయ్యి చాచింది. "ఇయ్యి. ఆడ నర్సు పట్టుకుంటే పరువు పోతాది."

మహానందమ్మ రాయిని రెండు చేతులా పొట్టకు అదుముకుంది. నర్సు పేరు పిలిచాక వదిలింది. ఉత్త ఒంటితో ఆస్పత్రి కాటా ఎక్కి కళ్లు మూసుకుంది.

డాక్టరు అంకె చూశాడు. చేతి మీది చర్మాన్ని పట్టి లాగి చూశాడు. "కొంచెం తగ్గారు. పర్లేదు, గొట్టం అక్కర్లేదు. ఇట్లే పట్టండమ్మా."

ఆళ్లగడ్డ బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, నడుమ సంచి పెట్టుకుని.

"గొట్టం ఏసింటే నాకే సుఖముండె," అంది హిమబిందు కిటికీలోంచి చూస్తూ. "నీ నోటితో పన్లేకుండా పోసేదాన్ని."

"అందుకేనే తాగింది," అంది మహానందమ్మ.