ఖాజా గారు నేయించిన ఆకాశం

అది 2005 నవంబరు మూడో శనివారం, ఉదయం పదకొండు గంటలు. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న బడి, అందులో ఒకటో తరగతి గది. ఏలూరులో మేం నేసిన తివాచీని ఆ గదిలో పరిచాం. పరిచాక అందరం తలలు పక్కకు వంచి దాన్నే చూశాం.

ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పొద్దున వానకు తడిసిన ఉన్ని శాలువా పిండి దండెం మీద వేస్తుంటే ఆ వాసన ముక్కుకు కొట్టింది. తడి ఉన్ని వాసన మంచిదని నేను చెప్పను. మేకను కట్టేసిన వసారాలా ఉంటుంది. కానీ నా సగం జీవితం ఆ వాసనలోనే గడిచింది. అది తగలగానే మగ్గాల షెడ్డు, దాని వెనకాలే ఖాజా గారు వచ్చి నిలబడ్డారు. ఆయన్ను చూడని వాళ్లకు ఆయన గురించి చెప్పాలనిపించి కూర్చున్నాను.

ఖాజా గారిది ఏలూరులో తాతల నాటి తివాచీల పని. సన్నటి మనిషి, తెల్ల టోపీ, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. నేను కొల్లేటి లంకలో పుట్టి, పెళ్లయ్యాక ఏలూరు వచ్చి, ఆయన షెడ్డులో ముడులు వేయడం నేర్చుకున్నాను. నా పక్కన మీరాబీ కూర్చునేది. మా ఇద్దరికీ చదువు రాదు. దానికి మేం సిగ్గుపడిందీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు. శుక్రవారం షెడ్డుకు సెలవు. నమాజు అయ్యాక ఖాజా గారు ఇంటికి పోయేవారు కాదు, నేరుగా మ్యాట్నీకి పోయేవారు. అదీ మామూలు సినిమాకు కాదు. తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు సినిమా, అందులోనూ ఆకాశంలో ఓడలు తిరగాలి, లేకపోతే ఇనపమనిషి ఉండాలి, అదీ లేకపోతే వేరే లోకంనుంచి ఎవరో ఒకరు దిగాలి. అరవై దాటిన మనిషి, కాలేజీ కుర్రాళ్ల మధ్య కూర్చుని ఈలలు వింటూ చూసేవారు. శనివారం పొద్దున మేం ముడులు వేస్తుంటే ఆ కథంతా చెప్పేవారు. కథ మంచి పట్టులో పడితే మీరాబీ చేయి ఆగిపోయేది. "చేత్తో కూడా విను మీరాబీ," అనేవారు ఆయన.

ఒక శనివారం ఆయన చెప్పిన కథలో ఒక మనిషి గాజు పెట్టెలో వందేళ్లు పడుకుని లేచి, పక్క నక్షత్రం దగ్గర దిగుతాడు.

"అబద్ధం సాయిబు గారూ," అన్నాను. "వందేళ్లు పడుకున్నోడి గోళ్లు ఎంత పెరగాలండీ? లేచీ లేవగానే మీటలు ఎలా నొక్కాడు?"

మీరాబీ పకపకా నవ్వింది. ఖాజా గారు నవ్వలేదు. చెవి మీది పెన్సిలు తీసి గోక్కుంటూ ఆలోచించారు.

"నిజమే దీనమ్మా. గోళ్ల సంగతి వాళ్లు చూసుకోలేదు," అన్నారు. తర్వాత నా మగ్గం వైపు చూపించారు. "నువ్వు నేసేది ఏంటి?"

"పువ్వండీ."

"ఏం పువ్వు?"

"ఏం పువ్వేంటండీ. తివాచీ పువ్వు."

"నీలం ఆకులు, ఎర్ర కాడ. కొల్లేట్లో ఎక్కడైనా చూశావా?"

"లేదండీ."

"ఎవడో ఒకడు లేని పువ్వును ఊహించాడు కాబట్టే నువ్వూ నేనూ అన్నం తింటున్నాం. వాడినీ అబద్ధాలకోరు అంటావా?"

ఆ రోజు గెలుపు ఆయనదే. మాటలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. అందుకని ఆ అబద్ధాలేంటో చూద్దామని, ఆదివారం చర్చి అయ్యాక చంకలో బైబిలుతోనే ఖాజా గారి ఇంటికి వెళ్లాను. ఆ వేళకు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. దారి తప్పిన ఓడ, వారానికో గ్రహం మీద దిగడం, ఇంటికి పోయే దారి దొరక్క మళ్లీ లేవడం. అందులో మనుషులు మా కంటే శుద్ధమైన తెలుగు మాట్లాడేవాళ్లు, పెదాలు మాత్రం ఇంకేదో అనేవి. ఖాజా గారి భార్య బీబమ్మ గారు నాకు టీ ఇచ్చి, "నీకూ పట్టిందా అమ్మా ఈ జబ్బు?" అన్నారు. పట్టింది. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఒక వారం ఆ ఓడ నీళ్ల గ్రహం మీద దిగింది. ఎటు చూసినా నీళ్లే. ఖాజా గారు ముందుకు వంగి నోరు తెరుచుకుని చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఇవేం నీళ్లండీ? గుర్రపుడెక్క లేదు, నాచు లేదు, ఒక్క కొంగ లేదు. అన్ని నీళ్లుంటే ఒక్కడైనా వల వెయ్యడా? కడిగిన గాజుపలకలా ఉంది."

"అయితే ఎలా ఉండాలో నువ్వు చెప్పు," అన్నారు ఆయన. వెటకారం కాదు. టీవీ గొంతు తగ్గించి, నా వైపు తిరిగి కూర్చున్నారు.

నా బతుకులో నాకు పని చెప్పినవాళ్లు ఉన్నారు, తప్పులు చెప్పినవాళ్లు ఉన్నారు. ఒక లోకం ఎలా ఉండాలో చెప్పమని అడిగినవాళ్లు లేరు. నేను చెప్పాను. పొద్దున్నే దోనె తోస్తుంటే గెడకు నాచు చుట్టుకోవడం, దూరంనుంచి పిట్టలు లేస్తే నీళ్లే లేచినట్టు ఉండడం, వానల్లో మా లంకకూ ఆకాశానికీ మధ్య గీత కనపడకపోవడం. ఆయన టీవీ వదిలేసి అదే విన్నారు. "ఆ సీరియల్‌వాళ్లు నిన్ను ఒక్కసారి కొల్లేరులో కలవాల్సింది," అన్నారు.

అలా నవ్వుకుంటూ ఉండగానే పని పల్చబడింది. మిషను తివాచీలు వచ్చి పడ్డాయి. పెద్ద వర్తకులు రావడం మానేశారు. మగ్గాలు ఒక్కొక్కటే విప్పి గోడకు చేరేశారు, చివరికి రెండు మిగిలాయి. ఆ సమయంలో తాడేపల్లిగూడెం నుంచి సుశీల గారని ఒక హెడ్మిస్ట్రెస్ వచ్చారు. ఒకటో తరగతి పిల్లలు కూర్చుని కథలు వినడానికి ఒక తివాచీ కావాలన్నారు. "పువ్వులు వద్దండీ. చూడగానే పిల్లలు ప్రశ్నలు అడగాలి," అన్నారు. ఖాజా గారి ముఖం వెలిగిపోయింది. "ఆకాశం వేద్దామండీ," అన్నారు.

ఆమె వెళ్లాక మమ్మల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి సంగతి దాచకుండా చెప్పారు. ఇది బడివాళ్లకు నచ్చితే ఇంకో బడి అడుగుతుంది, మగ్గాలు ఆడతాయి. నచ్చకపోతే ఇదే ఆఖరి తివాచీ, షెడ్డుకు తాళం. నాకు ముడులు తప్ప వేరే పని రాదు. మీరాబీకీ అంతే.

అక్కడే ఇంకో చిక్కు వచ్చింది. మా షెడ్డులో డిజైను గళ్ల కాగితం మీద ఉంటుంది. రంగులు వేయరు, ఒక్కో గడిలో ఒక అక్షరం రాస్తారు. న అంటే నలుపు, నీ అంటే నీలం, తె అంటే తెలుపు. ఒకరు నిలబడి అది చదివితే, వినేవాళ్లు ఆ ఉన్నితో ముడి వేస్తారు. ఇన్నేళ్లూ చదివింది ఖాజా గారే. ఇప్పుడు ఆయన కళ్లలో పొరలు వచ్చాయి. పెద్ద గీతలు గీయగలుగుతున్నారు గానీ తాను రాసిన అక్షరం తన కంటికే ఆనడం లేదు.

"ముందు ఆపరేషన్ చేయించుకోండి," అన్నాను.

"తివాచీ దిగాక చేయించుకుంటాను. నువ్వు చదువు."

"నాకు న కూడా రాదండీ."

"మంచిది. న తోనే మొదలుపెడదాం. సగం ఆకాశం నలుపే కదా."

అందరికీ చదువు అ తో మొదలవుతుంది. నాకు నలుపుతో మొదలైంది. తలనెరిసిన ఆడదాన్ని పలక పట్టుకుని షెడ్డు గుమ్మంలో కూర్చుంటే దారినపోయేవాళ్లు వింతగా చూసేవాళ్లు. చూడనీ. తివాచీ కింది నుంచి పైకి పెరుగుతుంది కదా, నాకు అదే తెలుసు. పలక మీద కూడా మొదటి వరుస అడుగున రాసి, రెండోది దాని మీద, మూడోది ఆ పైన రాసుకుంటూ పోయేదాన్ని. బీబమ్మ గారు చూసి, "ఇదేం చదువమ్మా, కొబ్బరిచెట్టు ఎక్కినట్టుంది!" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఖాజా గారు, "ఎక్కనివ్వు, కాయ కోశాక దిగుతుంది," అన్నారు. ఇప్పటికీ కాగితం చేతికొస్తే నా కన్ను ముందు కింది మూలకే పోతుంది.

నేను చదవడం, మీరాబీ నేయడం. తర్వాత నేనూ కూర్చుని నేయడం. మధ్యలో నీలం భూమి, పైన ఉంగరం తొడుక్కున్న గ్రహం, మూలన మా సీరియల్ ఓడ లాంటి ఓడ. భూమి సగం దాటాక లేచి వెనక్కి నడిచి చూశాను.

"సాయిబు గారూ, భూమి కోడిగుడ్డు అవుతోందండీ."

మీరాబీ నా కాలు గిల్లింది. అందరూ మెల్లగా మాట్లాడే ఊరు మాది, నేనొక్కదాన్నే ఇలా. ఖాజా గారు వచ్చి తివాచీకి ముఖం ఆనించి, జానతో అడ్డం కొలిచారు, నిలువు కొలిచారు. కొలిచి నేల మీద కూర్చుండిపోయారు.

"తప్పు నాదే," అన్నారు. తివాచీకి వేరే గళ్ల కాగితం ఉంటుంది. మా ముడి అడ్డం కంటే నిలువు పొడుగు, ఆ కాగితంలో గడి కూడా అలాగే ఉంటుంది. అది అయిపోతే, ఆయన పిల్లల లెక్కల పుస్తకం కాగితాలు అతికించి గీశారు. అందులో గళ్లు నలుచదరం. కాగితం మీద గుండ్రంగా ఉన్నది మగ్గం మీద సాగిపోయింది. తాతలనాటి పువ్వులే తిప్పి తిప్పి నేసినవాళ్లం, కొత్తగా ఒక గుండ్రం గీయాల్సిన అవసరం మాకెప్పుడు వచ్చింది?

"విప్పుదామా?" అంది మీరాబీ. విప్పడమంటే ఒక్కో ముడి కోయడమే. కోసిన ఉన్ని మళ్లీ పనికిరాదు, వేరే ఉన్ని లేదు. ఖాజా గారు కాగితం మళ్లీ నా చేతికిచ్చి, "నువ్వు చదువు దీనమ్మా," అన్నారు. నాకు కోపం వచ్చింది. అయినా చదివాను. నలుపు, నలుపు, నీలం.

తివాచీ మగ్గం దిగాక, ఆ నవంబరు శనివారం సత్తిబాబు తన ట్రక్కు ఆటోలో మమ్మల్నీ తివాచీనీ ఎక్కించుకుని బయల్దేరాడు. గుండుగొలను దగ్గర వాన పట్టుకుంది. పట్టా కప్పినా ఒక అంచు తడిసింది. బడి గదిలో చుట్ట విప్పగానే తడి ఉన్ని వాసన గుప్పుమంది. దాని తర్వాతే, మొదట్లో చెప్పినట్టు అందరం తలలు పక్కకు వంచి చూడడం.

సుశీల గారు మర్యాదస్తురాలు. "రంగులు చాలా బాగున్నాయండీ," అన్నారు. మళ్లీ వంగి చూసి, "ఇది... భూమేనాండీ?" అన్నారు. మీరాబీ పైకప్పు చూస్తోంది.

"భూమేనండీ. సాగింది," అన్నాను.

ఖాజా గారు నా భుజం పట్టుకుని, "తలుపు ఎటు ఉంది?" అని అడిగారు. చెప్పాను. తివాచీని మేం గదికి అడ్డంగా వేశాం. "తిప్పండి. పొడుగు తలుపు వైపు రావాలి," అన్నారు. సత్తిబాబూ నేనూ పట్టుకుని తిప్పాం. నిలబడి చూస్తే ఇంకా గుడ్డే, కాకపోతే కాస్త నయం. ఆయన వెళ్లి గుమ్మం దగ్గర నేల మీద చతికిలబడ్డారు. సినిమా హాల్లో కూడా ఆయనది అదే వరస. బొమ్మ బాగాలేదనిపిస్తే లేచి ఇంటికి పోరు, ఇంటర్వెల్‌లో సీటు మారతారు. ముందు బెంచీ నుంచి చూస్తే ముఖాలు సాగుతాయి, అది బొమ్మ తప్పు కాదంటారు.

"మేడం గారూ, ఒక్కసారి ఇలా కూర్చుంటారా?"

ఆవిడ గంజి పెట్టిన చీర చూసుకుని తటపటాయించారు. ఈలోగా ఆయా నూకరత్నం ఒకటో తరగతి పిల్లల్ని వరసగా తీసుకొచ్చింది. ముందున్న పిల్ల, రోజీ, గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకాల పిల్లలు ఒకరినొకరు గుద్దుకున్నారు.

"టీచరూ! భూమి!" అంది. ఎవరూ చెప్పలేదు దానికి. ఖాజా గారి తల పక్కనే దాని తల ఉంది, అంతే ఎత్తు. "ఇందులో మనం ఎక్కడున్నాం టీచరూ?"

సుశీల గారు చీర సంగతి మరిచిపోయి, ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. చూశారు. లేచి చూశారు. మళ్లీ కూర్చున్నారు. "అయ్యో, గుండ్రంగా ఉందండీ! లేస్తే గుడ్డు, కూర్చుంటే భూమి. ఎలా చేశారండీ?"

"చేయలేదండీ, తప్పు జరిగింది," అన్నారు ఖాజా గారు. "పొట్టివాళ్లకు సరిపోయింది."

పిల్లలు అప్పటికే తివాచీ ఎక్కేశారు. ఒకడు ఓడ మీద కూర్చుని ఇంకెవరినీ రానివ్వడం లేదు. ఈ ఓడలో అన్నం ఎలా వండుతారని ఒకరు, ఉంగరం ఎవరు తొడిగారని ఒకరు. సుశీల గారు జవాబులు చెప్పలేక నవ్వుతూ నా వైపు చూశారు. నేనేం చెప్పను? నాకూ అవే ప్రశ్నలు.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను, గుమ్మం నుంచి గుండ్రంగా కనపడుతుందని ముందే తెలుసా అని. "తెలీదు దీనమ్మా. కూర్చుని చూడకుండా ఎందుకు విప్పాలి అనుకున్నాను, అంతే." తర్వాత అత్తిలి నుంచి ఒక బడివాళ్లు వచ్చి ఆ తివాచీ లాంటిదే కావాలన్నారు. ఈసారి సరైన కాగితం తెప్పించి, దాని మీద అక్షరాలు నేనే రాశాను. ఖాజా గారు కళ్ల ఆపరేషన్ చేయించుకుని, ఆదివారం టీవీ ముందు కూర్చుని, "ఓడ తెల్లదే! ఇన్నాళ్లూ బూడిద రంగనుకున్నాను," అని చిన్నపిల్లాడిలా అరిచారు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ రెండు మగ్గాలూ ఆడాయి.

నా నోరు ఇప్పటికీ అంతే. బాగాలేనిదాన్ని బాగాలేదనే అంటాను. కానీ అనేముందు ఒకసారి కింద కూర్చుంటాను. మోకాళ్లు నొప్పి పుడుతున్నా సరే, కూర్చుని ఎవరి ఎత్తు నుంచి చూడాలో అక్కడనుంచి చూస్తాను. చాలాసార్లు నోరు తెరవాల్సిన పని ఉండదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు: గుమ్మంలో ఖాజా గారు, గోడ దగ్గర మీరాబీ, తడి పట్టా మడతపెడుతున్న సత్తిబాబు, మోకాళ్ల మీద సుశీల గారు, పిల్లల చెప్పులు వరసగా సర్దుతున్న నూకరత్నం, భూమి మీద రోజీ, పేర్లు తెలియని ఒకటో తరగతి పిల్లలందరూ, వాళ్ల మధ్య దీనమ్మ అనే నేను.