1448లో కాలవలు

భీమవరంలో ఓ జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే మాధవరాజు గారు సాయంత్రం అయిదింటికల్లా సారిక నడిపే నెట్ సెంటర్‌కి వచ్చేస్తారు. కళ్ళజోడు తుడుచుకుని, జేబులోని తేదీల పుస్తకం కీబోర్డు పక్కన పెట్టి, మౌసుని తేలుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటారు. కంప్యూటరు ఆటలో ఆయన రాజమహేంద్రవరం ఏలే రెడ్డిరాజు. 1448లో గజపతుల చేతిలో ఓడిపోవాలన్నది ఆయన పంతం, చరిత్రలో రెడ్డిరాజులు నిజంగా అప్పుడే ఓడారు గనక. “మీ ఇష్టమొచ్చినట్టు గెలవచ్చు మాస్టారూ, ఆట అందుకేనండి” అని సారిక ఎన్నిసార్లు చెప్పినా వినరు. తేదీ తప్పు రాసిన వాళ్ళకి అరమార్కు కోసే మనిషి తనకి మాత్రం మినహాయింపు ఇచ్చుకుంటారా?

మొన్న ఆయన ఖజానా మొత్తం పెట్టి గోదావరి డెల్టాలో కాలవలు తవ్విస్తుంటే సారిక చూసేసింది.

“కాలవలు ఇంగ్లీషోళ్ళు తవ్వించారు కదండీ? దానికింకా నాలుగొందల ఏళ్ళుంది.”

“అప్పటిదాకా ఆగితే వరి ఊడ్చిన చేలు ఎండిపోవూ?” అన్నారాయన, తేదీల పుస్తకం మూసేసి.

సైన్యానికి చిల్లిగవ్వ మిగల్లేదు. ఆటలో 1446 రాగానే గజపతులు కోటలోకి దిగిపోయారు.

“రెండేళ్ళు ముందే పోయిందండి రాజ్యం. అరమార్కు కొయ్యమంటారా?”

మాధవరాజు గారు తెర మీదకి వంగారు.

“పోతే పోయిందిలే. వాళ్ళు కాలవలు ఉంచారా, పూడ్చేశారా? మన శివారు భూములకి నీళ్ళొస్తున్నాయేమో చూడమ్మా.”