పిలవని ఆటో

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివర్లో మీరే అడుగుతారు. నేను పదో తరగతికి ఫిజిక్స్ చెప్పే టీచర్‌ను. మా అమ్మ దిష్టి తీస్తుంటే ఎండుమిర్చి ఘాటు ఎందుకు వస్తుందో ఆమెకే పాఠం చెప్పినదాన్ని.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఇంటర్నెట్‌లో చదివి బర్త్ ప్లాన్ రాసుకున్నాను. కాన్పు గదిలో లైట్లు తక్కువగా ఉండాలి. నాకిష్టమైన పాటలు రావాలి. మా ఆయన తప్ప ఇంట్లోవాళ్లెవరూ లోపలికి రాకూడదు. నొప్పులు ఐదు నిమిషాలకోసారి వచ్చేదాకా ఇల్లు కదలకూడదు. రంగు స్కెచ్ పెన్నులతో రాసి, లామినేషన్ చేయించి ఫ్రిజ్‌కు అంటించాను. డాక్టరమ్మకు ఒక కాపీ ఇస్తే, "చేతిరాత బాగుందమ్మా" అని పక్కన పెట్టింది.

ఇదంతా మా అత్తమ్మకు అడ్డుకట్ట వేయడానికే. ఆమె అప్పటికే పంతులుతో ముహూర్తం పెట్టించింది. "మంచి గడియ జూసి ఆపరేషన్ చేయించుకుంటే ఒడుస్తది గద బిడ్డా" అని రోజూ ఒకటే పోరు. నా కాన్పు నా ఇష్టప్రకారం జరగాలని నా పంతం.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన బట్టల షాపులో ఉన్నాడు. మట్టెవాడలోని మా ఇంట్లో నేనూ అత్తమ్మా మాత్రమే ఉన్నాం. నొప్పులు అప్పుడొకటీ ఇప్పుడొకటీ వస్తున్నాయి. పొద్దున్నుంచి కడుపులో బిడ్డ పెద్దగా కదల్లేదు. నిద్రపోతోందిలే అనుకున్నాను.

అంతలో వాకిట్లో ఆటో హారన్ మోగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "అక్కా, జల్ది రా. దవాఖానకు పోవాలెనట గద" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇది అత్తమ్మ పనే! ముహూర్తానికి పంపించే ఏర్పాటన్నమాట. వెనక్కి తిరిగి చూస్తే ఆమె చింతపండు గింజలు తీస్తూ నోరు తెరుచుకుని కూర్చుంది. "నీ మీద ఒట్టు బిడ్డా, నేను పిలువలే" అంది. నేను నమ్మలేదు. "పదండి, మీకు డాక్టర్‌తోనే చెప్పిస్తా" అని కోపంగా ఆటో ఎక్కాను. చింతపండు చేతులతోనే ఆమె నా వెనక ఎక్కింది.

దవాఖానలో గుండె చప్పుడు చూసే మెషిన్ పెట్టగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. స్కాన్ చేసి, బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుంది, గుండె నెమ్మదిస్తోంది, వెంటనే ఆపరేషన్ అంది. నా ప్లాన్‌లో ఒక్క ముక్క కూడా జరగలేదు. లైట్లు పెళ్లిపందిట్లోలా వెలిగాయి. పాటల బదులు ఎవరిదో ఫోన్ మోగుతూనే ఉంది. బిడ్డ దక్కితే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

పాప ఏడ్చింది. నేను అంతకంటే గట్టిగా ఏడ్చాను. "సాయంత్రం దాకా ఇంట్లోనే ఉండుంటే కష్టమయ్యేది" అంది డాక్టరమ్మ.

మిగతాది, అత్తమ్మ ఫోన్ చేస్తే షాపు నుంచి దవాఖానకు పరుగెత్తుకొచ్చిన మా ఆయన నాకు తర్వాత చెప్పాడు. కిరాయి కోసం ఆటో డ్రైవర్ కిందే కాచుకుని ఉన్నాడట. నిన్నెవరు పంపారని అడిగితే, "మీ గల్లీ మూలకాడ ఒక అవ్వ ఆపింది. గీ ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్లను తీస్కపొమ్మన్నది. కిరాయడిగితే చేతుల బెల్లం ముక్క వెట్టింది" అన్నాడట.

అది వినగానే అత్తమ్మకు తన అత్త గుర్తొచ్చిందట. ఆవిడ, అంటే మా ఆయన నానమ్మ, నా పెళ్లికి చాలా ముందే పోయింది. ఇంట్లో ఎవరి కాన్పయినా ఆమె చెప్పినట్టే జరగాలట. ఏ బండి ఎక్కినా, మేడారం జాతర నుంచి తెచ్చిన ప్రసాదం బెల్లం ముక్క చేతిలో పెట్టి, కిరాయి ఎగ్గొట్టి దిగేదట.

మా ఆయన ఫోన్‌లో నానమ్మ ఫొటో చూపించాడు. డ్రైవర్ చాలాసేపు చూసి, "ఏమో సార్, గీమె నవ్వుతాంది గద. గామె నన్ను తిట్టుడే తిట్టుడు" అన్నాడు.

"అయితే గామెనే" అంది అత్తమ్మ. ఆ తర్వాత పైకి చూసి, "సచ్చినంక గూడ నా ఇంట్ల పెత్తనమేనా!" అని దండం పెట్టి మరీ తిట్టిందట.

బెల్లం చూపించమంటే, చాయ్‌తో తినేశానన్నాడు. ఉన్న ఒక్క సాక్ష్యం అలా పోయింది.

తర్వాత మా గల్లీలో అందరినీ అడిగాను. ఆటోను ఆపిన ముసలావిడ ఎవరో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఇళ్లలో కడుపుతో ఉన్నది నేనొక్కదాన్నే. దీనికి కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను మాత్రం ఇప్పటికీ నమ్మను.

ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. ఫ్రిజ్ మీద కొత్త ప్లాన్ అంటించాను. అందులో ఉన్నది ఒక్కటే మాట: ఆటో వస్తే ఎక్కాలి.

అత్తమ్మ చదివించుకుని విని, ఇంకోటి కలపమంది. "కిరాయి పైసలు కొంగుకు కట్టుకో బిడ్డా. ఆమె ఇయ్యది."