లారీ వెనకాల రాళ్లు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే రోడ్డు మీద నిరుడు ఒక మగ్గం నేసే ఆయన బండి మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. రోడ్డుకు అడ్డంగా ఉన్న రాళ్లను తీయాల్సిన కోసిగి ఊరి మనిషి ఆ పని చేయకుండా వచ్చి జీపెక్కాడని, అందుకే ఆ ప్రమాదం జరిగిందని మా పనివాళ్లందరూ అనుకుంటారు. ఆఫీసు కాగితాల్లోనూ అదే ఉంది. అది నిజం కాదు. ఆ మాట పుట్టించింది నేను. ఆ కోసిగి మనిషి పక్కన జీపులో మూడేళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాయాలి.

మాది రోడ్డు నిర్వహణ చూసే కాంట్రాక్టు సంస్థ. నేను పెట్రోలింగ్ జీపు నడుపుతాను. బండి ఆగిపోయిందని ఫోను రాగానే పోవాలి. చుట్టూ కోన్లు పెట్టాలి. చేతనైన మరమ్మతు చేయాలి, చేతకాకపోతే ఆదోని నుంచి మెకానిక్కునో క్రేనునో పిలిపించాలి. ఫోన్లు రాని పూట గుంతలు పూడ్చడం, రోడ్డు మీదికి వాలిన తుమ్మకొమ్మలు కొట్టడం, చచ్చిన కుక్కల్ని లాగి పారేయడం. జీపులో ఇద్దరమే. ఆయన నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను కోసిగి అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు, వద్దని చెప్పినా మానలేదు.

ఈ పని ఆయనకు ఎంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. దసరా దాటితే కోసిగి పక్క ఊళ్లలో ఇళ్లకు బీగాలు పడతాయి. వానలు సరిగా పడని చోటు. కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు ముందు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి. పిల్లల్ని కూడా బడి మాన్పించి తీసుకుపోతారు. ఆయన, ఆయన భార్య చాలా ఏళ్లు అట్లా తిరిగినవాళ్లే. జీపు పని దొరికాక మూడేళ్లు ఊరు కదల్లేదు. ఆ మూడేళ్లూ కూతురు ఒకే బడిలో చదివి పదో తరగతికి వచ్చింది.

"మా ఇంటికిప్పుడు బీగం లేదు సారూ. తుప్పు పట్టింటే పారేస్తి" అన్నాడొకసారి, నవ్వుతూ.

ఇక రాళ్ల సంగతి. లోడు లారీ రోడ్డు మీద ఆగిపోతే మా కోన్ల కోసం ఎవరూ కాచుకోరు. డ్రైవరు దిగి చేసే మొదటి పని రోడ్డు పక్క రాళ్లు ఏరడం. లారీకి ముప్పై నలభై అడుగులు వెనకగా వాటిని వరసగా పేర్చి, మధ్యలో ఒక తుమ్మకొమ్మ పెడతాడు. లారీ అక్కడ ఉన్నంతసేపు అవి పదిమందిని కాపాడతాయి. కానీ బండి కదిలిందంటే ఎవరూ వెనక్కి చూడరు. ముందు లారీ ఉండదు, రాళ్లు మాత్రం ఉంటాయి. అందుకని మా పనిలో మరమ్మతు కంటే రాళ్లు తీయడమే పెద్ద పని. కోసిగి అన్న వాటిని అంచుకు నెట్టి ఊరుకునేవాడు కాదు. ఒక్కొక్కటీ మోసుకుపోయి కాలవ అవతల వేసి వచ్చేవాడు.

"అంచున పెడితే ఇంకో డ్రైవరు మల్లా తెచ్చి పేరుస్తాడు సారూ. మనమే ఆయప్పకు ఏరి పెట్టినట్లయితాది" అనేవాడు.

ప్రతి పనికీ మూడు ఫోటోలు తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆగిన బండిది ఒకటి, కోన్లు పెట్టాక ఒకటి, చివరికి ఖాళీ అయిన రోడ్డుది ఒకటి. మూడో ఫోటో పడితే పని అయిపోయినట్టే. ఆ ఫోటోలు తీసేది నేను.

దసరాకు వారం ముందు, సాయంత్రం ఐదు దాటింది. ఆదోని మార్కెట్టుకు పత్తి మూటలతో వస్తున్న లారీ వెనక టైరు పగిలి ఆగిపోయింది. డ్రైవరు ఆదోని ముసలాయన. మేం దిగేసరికి మండిపడుతున్నాడు.

"గంటాయె భాయ్! మీ దావ సూసి సూసి గడ్డం నెరిసిపాయె."

"నీ గడ్డం మేము రాకముందే నెరిసింది గానీ, జాకీ యాడుందో సెప్పు" అన్నాడు కోసిగి అన్న.

ముసలాయనకు నవ్వొచ్చింది. ముగ్గురం కలిసి టైరు మార్చాం. నట్లు బిగిస్తుండగా మా మేనేజరు ఫోను చేశాడు. ఆయన బామ్మర్ది కారు నాలుగైదు కిలోమీటర్లు ముందర, ఆదోని వైపు ఆగిపోయిందట. వెంటనే పొమ్మన్నాడు.

లారీ కదిలిపోయింది. మా జీపు అది ఆగిన చోటికి ముందర నిలిపి ఉంది. కోసిగి అన్న లారీ ముందు చక్రానికి ఆనించిన మొద్దు తీసి పక్కన పడేసి, వెనక వైపు నడిచాడు. నేను జీపులోంచి కేకేశాను.

"అన్నా, బిరీన ఎక్కు. మేనేజర్ సార్ బామ్మర్ది కారంట."

"ఎనకాల రాళ్లుండాయి సారూ. ఐదు నిమిషాలు."

"వచ్చేటప్పుడు తీద్దాం లే. ఎక్కు."

"పొద్దు ఎదురుగా కొడతాంది సారూ. బండ్లోల్లకు కానరావు."

"ఎక్కమంటాంటే ఇనపడలేదా?"

ఆయన అక్కడే ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఎక్కాడు. నేను ఫోను తీసి అద్దంలోంచి ముందరి రోడ్డుకు ఫోటో తీశాను. ముందర రోడ్డు ఖాళీగానే ఉంది. మూడో ఫోటో గ్రూపులో పెట్టేశాను.

ఆ కారుకు పంక్చరు, అంతే. స్టెప్నీ డిక్కీలోనే ఉంది. బామ్మర్ది ఏసీ వేసుకుని లోపలే కూర్చున్నాడు, చేతులు మాస్తాయని దిగలేదు. ఈ రోడ్డంతటికీ ఒక సూపర్‌వైజరును పెడతారని అప్పట్లో మా ఆఫీసులో మాట నడుస్తోంది. నా కళ్లు దాని మీద ఉన్నాయి. అందుకే టైరు మార్చడమే కాదు, అద్దాలు కూడా తుడిచాను. కోసిగి అన్న నిలకడగా లేడు. మాటిమాటికీ వచ్చిన దారివైపే చూస్తున్నాడు.

"సారూ, నేను ఏదన్నా ఆటో పట్టుకుని ఎనక్కి పోదునా?"

"ఈ నట్లు పట్టుకో ముందు" అన్నాను.

అద్దాలు తుడవడం పూర్తి కాకముందే ఫోను వచ్చింది. రాళ్ల దగ్గర మోటార్ సైకిల్ పడిందని.

వెళ్లేసరికి ఆ మగ్గం నేసే ఆయన రోడ్డు అంచున పడి ఉన్నాడు. ఆదోనిలో ఇవ్వాల్సిన చీరల మూట విప్పుకుపోయి కాలవలో పడింది. ఎదురెండలో రాళ్లు కనబడలేదని ఎవరడిగినా అదే చెప్తున్నాడు. జీపులో వెనక సీట్లో పడుకోబెట్టి ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. విరిగిన కాలు కదలకుండా కోసిగి అన్న తన తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం ఆయన దారి పొడవునా "గుంట మగ్గమన్నా నాది, కాళ్లతో తొక్కాల" అంటూనే ఉన్నాడు. గుంటలో కాళ్లు పెట్టి తొక్కితేనే ఆ మగ్గం ఆడుతుంది. కోసిగి అన్న ఆయన చేయి వదల్లేదు.

మరుసటి రోజు ఆఫీసులో మేనేజరు ఫోటో చూపించి అడిగాడు. "రోడ్డు ఖాళీ అని ఫోటో పెట్టినావు. మల్లా రాళ్లు యాడినుంచి వచ్చినాయి?"

నేను ముందే అనుకుని పోలేదు. ఆ మాట మాత్రం నా నోట సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది. "ఎనకవైపు తీసేసినానని కోసిగాయనే సెప్పినాడు సార్. నమ్మినాను."

పక్క టేబులు నుంచి ఒకాయన, "దసరా వస్తే కోసిగి పక్కోల్లకు మనసంతా దేవరగట్టు జాతర కట్టెల కొట్లాట మీదనే ఉంటాది సార్, రాళ్లేం కానొస్తాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు తెరిచే ఉంది. కోసిగి అన్న బయట నిలబడి ఉన్నాడు.

ఆయన్ని పిలిచి అడిగారు. ఆయన మేనేజరు వైపు కాకుండా నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఫోను తెరిచి ఏదో వెతుకుతున్నట్టు వేళ్లు ఆడించాను.

"రాళ్లు తీయలేదు సార్. నిజమే" అన్నాడు.

అంతే. ఎందుకు తీయలేదో, ఎవరు తీయనివ్వలేదో చెప్పలేదు. పిచ్చి మనిషి, నోరు లేనివాడు అని అప్పుడు అనుకున్నాను. ఆ మిగిలిన సగం నేను చెప్తానని ఆయన కాచుకున్నాడని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ పూటే పనిలోంచి తీసేశారు. పనిలో వేసుకునే మెరిసే చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మగ్గం ఆయన బంధువులు వచ్చి గొడవ చేస్తే, తప్పు చేసిన మనిషిని తీసేశామని ఆఫీసువాళ్లు చెప్పి పంపారు.

దీపావళి తర్వాత ఒక పని మీద కోసిగి పోయాను. ఆయన ఇంటికి బీగం ఉంది. కొత్తది. పాపను కూడా తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. సంక్రాంతి దాటాక నన్ను సూపర్‌వైజరును చేశారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయని రోజూ పేపర్లో వచ్చేది. ఆ పేజీ తిప్పేసేవాణ్ణి.

ఉగాది తర్వాత వాళ్లు ఊరికి వచ్చారని తెలిసి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. మిరపకాయల మంటకు వేళ్ల కొసలు పొరలు లేచి ఉన్నాయి.

"రాప్పా" అన్నాడు. సారూ అనలేదు.

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన కుట్టడం ఆపకుండా విన్నాడు.

"ఇదంతా నాకెందుకు సెప్తాండావు? నేను ఆడనే వుంటి కదా."

లోపలి నుంచి ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందర పెట్టింది.

"నీల్లు గూడా ఇయ్యగూడదనుకుంటి. ఎండన పడి వచ్చినావని ఇస్తాండా. సూపరైజరయినావంట గదా. మా పాప పదోది గానీ నీ సూపరైజరు గానీ, రెండిట్లో ఒగటే అయ్యేదుండె" అంది.

"ఊరుకో" అన్నాడాయన. తర్వాత నన్ను అడిగాడు. "ఎమ్మిగనూరాయప్పకు సెప్పినావా?"

"లేదన్నా."

"ఆయప్ప కాలు నా తొడల మీద పెట్టుకుని తీస్కపోతిమి. దావ పొడుగునా నా సెయ్యి పట్టుకునుండె. ఇప్పుడు నన్నే తిట్టుకుంటాంటాడు. ఆడికి పో ముందు."

అదే రోజు ఎమ్మిగనూరు పోయాను. మగ్గంలో ఆయన భార్య కూర్చుని ఉంది. ఆయన పక్కన పీట మీద కాలు చాపుకుని నూలు కండెలు చుడుతున్నాడు. నేను ఎవరో చెప్పి, ఎందుకు వచ్చానో చెప్పాను. మగ్గం ఆగిపోయింది.

"అయితే తప్పు ఆ కోసిగాయనది కాదా?" అంది ఆవిడ.

"ఆర్నెల్లుగా ఆయన్ను తిట్టని దినం లేదు" అన్నాడాయన, నాతో కాదు, ఆవిడతో. తర్వాత నా వైపు చేయి చాపాడు. "ఆయన నంబరు కొట్టియ్యి."

ఫోను ఆయన చేతికిచ్చాను. అవతలి మాటలు నాకూ వినబడుతున్నాయి.

"అన్నా, నేను ఎమ్మిగనూరు నుంచి. కాలిరిగినోన్ని."

కోసిగి అన్న గొంతు. "కాలు మడతపడతాందా?"

"సగం మడతపడతాది."

"నూనె పెట్టి రుద్దుతాండారా?"

"రుద్దుతాండారన్నా. నిన్ను శానా మాటలంటిని."

"నాకేం ఇనపడలేదు లేప్పా."

ఆయన నవ్వబోయాడు, నవ్వలేదు. ఫోను తిరిగిస్తూ నా ముఖం చూడకుండా, "ఆఫీసులో సెప్పినావా?" అన్నాడు. లేదన్నాను. "ఇంగ ఆడికి పో" అన్నాడు.

మరుసటి రోజు జరిగినదంతా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, మేనేజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. ఎప్పుడో ముగిసిన దాన్ని ఎందుకు తవ్వుతున్నావు, నీకే నష్టం అన్నాడు. ఈ కాగితం తీసుకోవాల్సిందే అన్నాను. నాలుగు రోజులకు నన్ను మళ్లీ జీపు మీదికి పంపారు. అందులో నాకు గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కోసిగి అన్నను తిరిగి తీసుకొమ్మని అడిగాను. ఆ వయసువాళ్లను ఇప్పుడు తీసుకోవడం లేదన్నారు. నేను మానేస్తాను, నా చోట ఆయన్ని పెట్టుకోండి అన్నాను. ఆయనకు డ్రైవింగు లైసెన్సు ఉందా అని అడిగారు. లేదు. కాగితాల్లో పాత మాటను కొట్టివేశారో లేదో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇదంతా చెప్పాలని ఆయనకు ఫోను చేశాను. వెనక జనం గోల, ఏదో మైకులో అనౌన్స్‌మెంటు వినబడుతున్నాయి. కోసిగి స్టేషన్లో ఉన్నాడు. బెంగళూరులో ఏదో కట్టడం పనికి ముగ్గురూ పోతున్నారు.

"నువ్వు రాళ్లు తీస్తానంటే నేనే వద్దన్నానని రాసిచ్చినానన్నా. పని మాత్రం మల్లా ఇయ్యలేమన్నారు."

"ఇయ్యరులే."

"పాప పరీక్ష..."

"సూస్తాం" అన్నాడు.

పక్కనుంచి ఆడపిల్ల గొంతు వినబడింది. "ఎవరు నాయనా?"

"రోడ్డు పని కాడ తెలిసినాయప్ప" అని చెప్పాడు ఆ పిల్లకు. నాతో, "రైలొస్తాంది, పెట్టేస్తాండా" అన్నాడు.