వడ్డీ లేని బాకీ

మొన్న ఆదివారం పొద్దున్నే తమ్ముడు తన బిడ్డను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పిల్లకు బయటి రాష్ట్రంలో పెద్ద యూనివర్సిటీలో లెక్కల ఎమ్మెస్సీ సీటు వచ్చింది, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే తప్ప పంపలేడు. "లెక్కలు జదివినోళ్లకు మొదట్ల జీతం ఏం వస్తది అక్కా, ఈ అప్పు ఎన్నడు తీర్తది?" అని వాడు అడుగుతుంటే, జన్మంతా బ్లాక్‌బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పిన నాకు మా బాపు మొహం కళ్ల ముందు కదిలింది.

మన ఈడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, చదువుకు బ్యాంకు అప్పిస్తుందని ఆ రోజుల్లో మనలాంటి ఇళ్లలో ఎవరికీ తెలియదు. మగ్గాలున్న మా కొత్తవాడలో బాపు జంపఖానాలు నేసేవాడు. నూలు సావుకారి ఇచ్చేవాడు, నేసినవి ఆయనకే అప్పజెప్పి బాపు కూలి తెచ్చుకునేవాడు. నా డిగ్రీకి కొంత, తర్వాత హనుమకొండలో ఎమ్మెస్సీకి మరికొంత ఆయన దగ్గరే బాకీ తీసుకున్నాడు. కూలిలోంచి వారం వారం కొంత పట్టుకున్నా, పండగకో దవాఖానకో అది మళ్లీ అంతే అయ్యేది. అయితే ఆ బాకీకి వడ్డీ లేదు. షరతు ఒక్కటే, అది తీరేదాకా ఇంకెవరికీ నేయకూడదు. వడ్డీ లేకుండా ఈ కాలంలో ఎవరిస్తారని మా అమ్మ ఆ సావుకారికి మనసులోనే దండం పెట్టుకునేది, నిజం చెప్పాలంటే నేనూ పెట్టుకున్నాను.

ఎమ్మెస్సీ అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే పని దొరికింది. జీతం ఎంతో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, అదైనా నెలనెలా వస్తే పండగే. అందుకని సాయంత్రాలు కాజీపేట రైల్వే క్వార్టర్లలో ట్యూషన్లు పట్టాను. అక్కడి పిల్లలు గడియారం చూసేవారు కాదు, ఫలానా బండి కూత వినబడగానే పుస్తకాలు మూసేసేవారు. బండి ఆలస్యమైన రోజు నాకు లాభం, ఇంకో రెండు లెక్కలు చేయించేదాన్ని. వాళ్ల తల్లులు మంచివాళ్లు, ఫీజు ఆలస్యమైనా ఉప్మా ఆలస్యం చేసేవారు కాదు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే బీఈడీలో చేరాలనుకున్నాను. అది ఉంటే సర్కారు కొలువుకు దారి దొరుకుతుంది. బాకీకి వడ్డీ లేదు గనుక నిదానంగా తీర్చినా నష్టం లేదు. లెక్కల మనిషిని కదా, ఇంతకన్నా తేలికైన లెక్క ఇంకొకటి లేదనిపించింది.

ఒకనాడు నల్లా దగ్గర పక్కింటి పెద్దమ్మ మా అమ్మతో మాట్లాడుతూ, వాళ్లాయన సహకార సంఘానికి నేసే జంపఖానాకు ఎంత కూలి వస్తుందో చెప్పింది. మా బాపుకు వచ్చేదానికన్నా రెండు రూపాయలు ఎక్కువ. అదే కొలత, అదే నేత. వాళ్లాయనకు ఎవరి బాకీ లేదు, కూలి ఎక్కడ బాగుంటే అక్కడ నేస్తాడు. ఆ సాయంత్రం కాజీపేట బస్సులో కూర్చుని ఆ రెండు రూపాయలను బాపు నెలకు నేసే జంపఖానాలతో హెచ్చవేసి, ఏడాదికి కట్టి, బాకీ పక్కన పెట్టి చూశాను. బ్యాంకు వడ్డీ కన్నా ఎక్కువే పడుతోంది. వడ్డీ ఉంది, బాపు కూలిలోంచి పోతోంది, అంతే.

బీఈడీ ఆపి ముందు బాకీ తీరుస్తానంటే బాపు కోపానికొచ్చాడు. "నా బాకీ యాడికి పోతది బిడ్డా, నీ కొలువు పోతే మల్ల రాదు" అన్నాడు. ఆయన మాటా నిజమే, ఆ భయం నాకూ ఉంది. కానీ నేను మొండిదాన్నని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఏడాది పాటు జీతం, ట్యూషన్ ఫీజులు కదపకుండా కూడబెట్టి, ఉగాదికి ముందు బాపుతో కలిసి సావుకారి ఇంటికి వెళ్లాను.

ఆయన చెడ్డవాడేం కాదు. నాకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. బాపు మాత్రం అలవాటు ప్రకారం గుమ్మం పక్కనే నిలబడ్డాడు. సావుకారి డబ్బు అందుకొని, "గింత ఆగం ఎందుకే, నేనేమన్న అడిగిన్నా?" అన్నాడు నొచ్చుకున్నట్టు. ఆ వెంటనే, చిన్నోడు ఈ ఏడు పది రాస్తున్నాడు గదా, రేపు వాడి కాలేజీకి పట్టుకపొమ్మంటూ అదే డబ్బు మళ్లీ బాపు వైపు జరిపాడు. తీసుకుంటే బాకీ మళ్లీ మొదటికే. బాపు ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగడు, నేను మధ్యలో నోరు తెరిస్తే బాపు పరువు పోతుంది. బాపు ఆ డబ్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"వద్దు సేటూ, వానికి వాళ్లక్క ఉన్నది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బాపు మగ్గం ఆపి పడుకున్నాడు, గురక పెట్టి మరీ. అమ్మ లేపబోతే నేనే వద్దన్నాను. ఆ గురక వింటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బీఈడీ మరుసటి ఏడు చేశాను, సర్కారు కొలువు కాస్త ఆలస్యంగానైనా వచ్చింది.

తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. మొదట్లో జీతం తక్కువే ఉంటుందిరా, అయినా వడ్డీ ఎంతో కాగితం మీద కనబడుతోంది కదా, ధైర్యంగా తీసుకొమ్మన్నాను. కొలువు రాకముందే పిల్లలు అప్పుల్లో పడుతున్నారని మనవాళ్లు బాధపడుతుంటారు, ఆ బాధ నాకూ లేకపోలేదు. కానీ లోన్ మీద తండ్రి సంతకం కూడా ఉన్నా అప్పు మొదట పిల్ల పేరు మీదేనట, అది విన్నప్పుడు నా ప్రాణం తెరిపినపడింది. నా కాలంలో నాకా వీలుంటే, నా చదువు కోసం మా బాపు అన్నేండ్లు ఇంకొకరి గుమ్మం పక్కన నిలబడేవాడు కాదు.