ఇంకొక్క గేమ్ అనగానే నెట్ విప్పేవాడు

ఆ రోజు పొద్దున ఈల వినబడలేదు. కాకకు జలుబు చేసిందేమో అనుకుని పాలు పొయ్యి మీద పెట్టాను. అవి పొంగకముందే పక్కింటామె గోడ మీది నుంచి చెప్పింది. "కాక లేవలేదంట. నిద్రలనే పోయిండంట." రెండో కరోనా సద్దుమణిగి, మాస్కులు మూతి మీది నుంచి గదవ కిందికి జారిన రోజులవి. అందరూ అడిగిన మొదటి ప్రశ్న కరోనానా అని. కాదు, గుండె. రెండో ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు కానీ అందరి కళ్లలోనూ ఉంది. తాగి పోయాడా? లేదు. కాక భార్య చిన్నమ్మే వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. "మజ్జిగన్నం తిన్నడు, పండుకున్నడు. నోరు మంచిగ ఉండంగనే పోయిండు." ఆ మాట విన్నాక నాకు ఏడుపు కంటే ముందు నిమ్మళం కలిగింది. చావు దగ్గర నిమ్మళమేమిటని మీరనుకోవచ్చు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియడు. సూరత్‌లో మా తెలుగువాళ్లుండే వడోద్ గల్లీలు, పాండేసర మగ్గాల షెడ్లు దాటి ఆయన పేరు ఎక్కడా వినబడలేదు. నాకు రక్తసంబంధం కూడా కాదు. మా నాన్న, ఆయన ఒకే జిల్లా నుంచి వచ్చి ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాలు నడిపారు. ఆ వరుసన నాకు కాక, అంటే చిన్నాన్న అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది. నా పెళ్లయ్యాక మా ఆయనను నోరారా అల్లుడా అని పిలిచేవాడు. అల్లుడి మర్యాదలు మాత్రం గ్రౌండ్‌లోనే జరిగేవి. సర్వీస్ తప్పితే అల్లుడని కూడా చూడకుండా మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు.

గ్రౌండ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఓ మిల్లు ప్రహరీ వెనక ఎవరూ కట్టుకోకుండా వదిలేసిన ఖాళీ జాగా. రెండు కర్రలు, మధ్యలో వాలీబాల్ నెట్. వారమంతా మగ్గాల రొదలో ఒకరి మాట ఒకరికి వినబడక సైగలతో బతికే మగవాళ్లు ఆదివారం పొద్దున అక్కడ చేరి గొంతులు చించుకునేవారు. అంతవరకు బాగానే ఉంది. గొడవల్లా ఆట తర్వాతే. ఓడిన జట్టు గెలిచిన జట్టుకు దావత్ ఇవ్వాలి. పేరుకు గుజరాత్‌లో మందు బందు. మా గల్లీలో మాత్రం పాల పాకెట్టు కంటే ముందు పోట్లీ దొరికేది. పోట్లీ అంటే ప్లాస్టిక్ సంచిలో ముడేసి అమ్మే నాటుసారా. తీరిక ఉన్నవాళ్లు బండ్లేసుకుని డామన్ పోయేవారు, సరిహద్దు దాటితే మందుకు అడ్డులేదు, అంతా బాజాప్తా. ఆట గంటసేపు, దావత్ దినమంతా. ఓడినవాళ్లు బాధతో, గెలిచినవాళ్లు సంతోషంతో తాగేవారు. ఆడనివాళ్లు కూడా చూసి అలసిపోయామని తాగేవారు.

కాక కూడా ఒకప్పుడు అందులోనివాడే. ఆ సంగతి ఎవరో చెప్పగా విన్నది కాదు, ఆయనే పదిమందిలో చెప్పేవాడు. షాట్ కొట్టడంలో ఆయనకు సాటి లేని రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే వేసుకుని ఆటకొచ్చాడట. బంతి పైకి లేచింది. ఈయన ఎగిరాడు, చెయ్యి విసిరాడు. "రెండు బంతులు కనబడ్డయిరా. నేను లేనిదాన్ని కొట్టిన." గ్రౌండంతా పొట్ట పట్టుకుని నవ్విందట. గట్టు మీద కూర్చున్న ఆయన బిడ్డ మాత్రం నవ్వకుండా లేచి ఇంటికి పోయిందట. అందరినీ నవ్వించి, చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఆయన తువ్వాలతో మొహం తుడుచుకునేవాడు. చెమట లేకపోయినా తుడుచుకునేవాడు.

ఆ రోజు నుంచి మానేశాడు. ఆ తర్వాతి ముచ్చట చిన్నమ్మ చెప్తేనే బాగుంటుంది. మందు మానిన మనిషి బంతిని పట్టుకున్నాడు. డ్యూటీ దిగితే గ్రౌండ్, సెలవొస్తే పొద్దంతా గ్రౌండ్. జత ఆడేవాళ్లు లేకపోతే మిల్లు గోడతో ఆడేవాడు. మోకాలు గుమ్మడికాయలా వాచినా గుడ్డ చుట్టుకుని ఎగిరేవాడు. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో, బిడ్డ బడికి పోయిందో లేదో పట్టేది కాదు. "మందు మానిండని సంబురపడ్డ. ఏం మానిండు? ఇప్పుడు బంతిని తాగుతుండు," అని చిన్నమ్మ ఒకరోజు అందరి ముందు కడిగిపారేసింది. ఆ మాట ఆయనకు సూదిలా గుచ్చుకుంది. వారం రోజులు గ్రౌండ్ వైపు రాలేదు. వచ్చిననాడు కొత్త పద్ధతి పెట్టాడు.

ఆ పద్ధతి వల్లే ఆయనను ఇష్టపడనివాళ్లు కూడా ఉండేవారు. ఆట మంచి పట్టు మీద ఉండేది. గెలుపు ఇటో అటో తేలి, జట్లు రెండూ కాక మీదికొచ్చి "ఇంకొక్క గేమ్ కాకా!" అని అరిచేవి. అలా అరిచారో, ఆయన పోయి నెట్ తాడు గుంజేవాడు. ఒక్క గుంజుకు ఊడిపోయేలా ముడి ఆయనే వేసేవాడు. వేరేవాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. తిట్టినవాళ్లున్నారు, అలిగి మరో గ్రౌండ్‌కు పోయినవాళ్లున్నారు. ఆయన మాత్రం నెట్ మడత పెట్టుకుంటూ ఒకటే మాట అనేవాడు. "మందు సీసాల ఉండదురా. ఇంకొక్కటి అనే మాటల ఉంటది." దావత్ కూడా మార్చేశాడు. ఓడిన జట్టు నిమ్మకాయలు పిండాలి, ఉప్పేసి గెలిచినవాళ్లకు ముందు అందించాలి. నిమ్మకాయల సంచి చిన్నమ్మ తెచ్చేది. మగవాళ్లు గింజలు తియ్యడం చేతకాక అవస్థ పడుతుంటే చూసి నవ్వుకునేది.

మా ఆయన ఆ గ్రౌండ్‌కు ఎలా చేరాడో చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు, చెయ్యెత్తి ఎరగడు. పోట్లీ లేనిదే రాత్రిపాళీ గడవదని నమ్మిన అనేకమందిలో ఒకడు, అంతే. "బీరు మందు కాదు, ఒళ్లు నొప్పులకు మంచిది," అని నాకే పాఠం చెప్పబోయేవాడు. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, నాకే! ఆయన ఇంటికొచ్చే వేళకు నేను తలుపు తీసి, చెప్పులు విప్పేలోగా ఒక్కసారి గాలి పీల్చేదాన్ని. నా ముక్కు కుక్క ముక్కని మా ఆడబిడ్డ ఎక్కిరించేది. సోంపు నమిలినా, పాన్ వేసుకున్నా నా దగ్గర దాగేది కాదు. చివరికి నేనే కాక కాళ్లు పట్టుకున్నంత పని చేసి మా ఆయనను జట్టులో చేర్పించాను. మొదటి రోజు చేతులు వణికి బంతి జారిపోతుంటే కాక తిట్టలేదు. "మీదికి చూడు అల్లుడా, బంతి ఒక్కటే ఉంది," అన్నాడు. మెల్లమెల్లగా పోట్లీలు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఇంకొక్క గేమ్ అని అందరికంటే గట్టిగా అరిచేది కూడా మా ఆయనే అయ్యాడు.

అంతా కుదురుకుంటుందనుకుంటే లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోతే గల్లీలో నిశ్శబ్దానికి మాకు నిద్ర పట్టేది కాదు. సగం మంది దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. ఉన్నవాళ్లు ఒక్క గదిలో, పని లేని చేతులతో గోడలు చూస్తూ కూర్చున్నారు. గ్రౌండ్‌కు పోతే పోలీసు లాఠీ. పోట్లీ మాత్రం ఏ సందులోంచి వచ్చేదో వచ్చేది. అదీ దొరకక ఎవరో శానిటైజర్ తాగి ఆసుపత్రి పాలయ్యాడని విన్నాం. మా ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే నేను ఆయన అడుగులు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

అలాంటి పొద్దుల్లో ఒకనాడు ఈల వినబడింది. డాబా ఎక్కి చూస్తే కాక తన డాబా మీద నిక్కరు, బనియను వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరే ఎవరి డాబా మీదికి వాళ్లొచ్చారు. బంతి లేదు, నెట్ లేదు. "ఎగురుండ్రి! కొట్టుండ్రి!" అని అరిచాడు. "లేని బంతిని కొట్టుడు నాకు మస్తుగ వస్తది. మీకు గూడ నేర్పిస్త." ఇన్ని డాబాల మీద ఇంతమంది మగవాళ్లు గాలిని కొడుతూ ఎగురుతుంటే ఆడవాళ్లం బట్టలారెయ్యడం మాని నవ్వాం. ఎన్ని రోజులకు నవ్వామో. కాసేపటికి మళ్లీ ఈల వేసి "బస్, ఇగ చాలు" అనేవాడు. "జరసేపు కాకా" అని ఎవరైనా బతిమాలుతుండగానే మెట్లు దిగిపోయేవాడు. గ్రౌండ్ తెరిచాక కూడా ఆ పొద్దుటి ఈల మానలేదు.

రెండో కరోనా మా ఇంటికీ వచ్చింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, నా ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టినా ఏమీ లేదు. మాడిన కూర పొగ చూసి తెలుసుకునేదాన్ని. ఇంటికొచ్చే మనిషేమో మాస్కుతో వచ్చేవాడు. తలుపు తీసి అలవాటుగా గాలి పీల్చేదాన్ని, ఏమీ తెలిసేది కాదు. ఎంత భయపడ్డానో చెప్పలేను. ఉండబట్టలేక ఒకనాడు కాకతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన నవ్వాడు, కానీ ఎక్కిరింపుగా కాదు. "ముక్కుతోని ఎన్నొద్దులు కావలి కాస్తవ్ బిడ్డా? వాడు ఇంటికొచ్చినంక గదా నీ ముక్కు పనిజేసేది. గంతకుముందే వాని మనసు పనిజెయ్యాలె. జర ఇడిసిపెట్టి చూడు." విడిచిపెట్టడం చెప్పినంత తేలికా? ఆయన ఉన్నాడన్న ధైర్యంతో సరేనన్నాను. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన లేకుండా పోయాడు.

మా వాళ్లలో మూడోనాడు పిట్టకు పెట్టడమని ఉంది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకులు ముట్టే దాకా దూరంగా నిలబడతారు. తాగినవాళ్లకైతే గ్లాసులో చుక్క కూడా పెడతారు. మిగిలింది పోయినవాళ్ల పేరు మీద మగవాళ్లు పంచుకుంటారు. చిన్నమ్మ తమ్ముడు సూరత్‌లోనే పర్వత్ పాటియా అనే పేట నుంచి వచ్చాడు. బావంటే ప్రాణం ఆయనకు. బావ పాత రోజులే గుర్తున్నాయి కాబోలు, డామన్ నుంచి సీసా తెప్పించి బండి డిక్కీలో పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలిసింది. మా ఆయనలో ఆరిన నిప్పును ఊదడానికి కాక చావే సందు అయ్యేలా ఉంది. వద్దంటే చచ్చినవాడి పేరు మీద వద్దంటావా అంటారు. ఆ రోజు నాకు బడిలో రేషన్ పంచే పని పడి పోలేకపోయాను.

మా ఆయన మధ్యాహ్నం వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినా ఎర్రబడతాయి, తాగినా ఎర్రబడతాయి. మూతికి మాస్కు. నా ముక్కు ఎటూ లేదు. అడుగుదామని నోటి దాకా వచ్చింది. కాక మాట గుర్తొచ్చి, నీళ్లు తోడి పెట్టి, అన్నం వడ్డించాను. ఆయన తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ నాలుగు రోజులు నేనెలా గడిపానో నాకే తెలుసు.

ఆదివారం పొద్దున చిన్నమ్మ తలుపు కొట్టింది. చేతిలో నిమ్మకాయల సంచి. "గ్రౌండ్‌కు పోదాం పా. మొగోళ్లు ఆడుతుండ్రంట. ఇవి ఎవరు తీస్కపోవాలె మరి?" దారిలో ఉన్నట్టుండి అడిగింది. "మొన్నటి ముచ్చట నీ పెనిమిటి చెప్పిండా?" లేదన్నాను.

"చెప్పడు, గాయిన గంతే. మా తమ్ముడు గిలాస నింపి పెట్టిండు. మీ ఆయన ఒక్క మాట అనలే. సంచిలకెల్లి నిమ్మకాయ తీసిండు, పిండిండు, ఉప్పేసిండు, ఇంకో గిలాస పక్కన పెట్టిండు. గింజలు తియ్యనే లేదు," అని నవ్వబోయి ఆగింది. "పిట్టలొచ్చి రెండు గిలాసలను చూడనే లేదు, కోడిగుడ్డు ఎత్తుకపోయినయ్. తర్వాత మా తమ్ముడు మీ ఆయనకు పోసిండు, బావ పేరు మీద ఒక్కటి తీస్కో అని. మీ ఆయన దండం పెట్టిండు. నాకు డ్యూటీ ఉంది మామా అని లేసిండు. వాని ఎనుక ఒక్కొక్కలు లేసిండ్రు. అందరికీ అప్పుడే డ్యూటీలు యాదికొచ్చినయ్." పిట్టకు పెట్టిన ఆ రోజు మగ్గాలు బందు. డ్యూటీ ఎవరికీ లేదు. నేను రోడ్డు మధ్యలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాను. చిన్నమ్మ సంచి ఇంకో చేతికి మార్చుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

మేము పోయేసరికి ఆట మంచి పట్టు మీద ఉంది. ఆఖరి పాయింటు ఎవరిదో తేలక కాసేపు వాదులాడుకున్నారు. తేలాక ఎవరో అలవాటుగా అరిచారు. "ఇంకొక్క గేమ్!" అరిచి, ఎవరితో అంటున్నామో గుర్తొచ్చి, అందరూ కాక నిలబడే చోటు వైపు చూశారు. అప్పుడు మా ఆయన చేతిలోని బంతి కింద పెట్టాడు. కర్ర దగ్గరికి పోయి తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

నెట్ జారి మట్టిలో పడింది. చిన్నమ్మ "మీ కాక గూడ గిట్లనే గుంజుతుండె," అంటూ మొహం తుడుచుకుంది. మా ఆయన నెట్ మడిచి భుజాన వేసుకుని మా వైపు నడిచొస్తున్నాడు. నేను ఊపిరి పీల్చి చూడలేదు. కత్తి తీసుకుని నిమ్మకాయ కోశాను. వెనక రెండు కర్రలు ఉత్తవే నిలబడ్డాయి. వాటి మధ్య నుంచి పొద్దుటెండ అడ్డం లేకుండా మా మీద పడుతోంది.