లేని బంతి

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటకి టేబుల్ ఉంది. క్యారమ్స్‌లో నాకు తిరుగులేదు కాబట్టి ఇదీ అంతేననుకుని, వారం వారం ఓడిపోయి మొహం మాడ్చుకుని వచ్చేదాన్ని. చూడలేక రూమ్‌మేట్ ఒక కిటుకు చెప్పింది.

"హోల్‌లో వేయాల్సిన బంతి వెనక, దాన్ని ఆనుకుని ఇంకో బంతి ఉన్నట్టు ఊహించుకో. కర్రతో కొట్టే తెల్లబంతిని సరిగ్గా ఆ చోటికి పంపు, చాలు."

ఆ శనివారం ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, టేబుల్ మీదికి వంగి అలాగే ఉండిపోయాను. తన వంతు కోసం కూర్చున్న పక్క బిల్డింగ్ అంకుల్ ఇక ఉండబట్టలేకపోయారు.

"ఏం చూస్తున్నవ్ తల్లీ?"

"అక్కడ లేని బంతిని చూస్తున్నా అంకుల్."

"కనబడ్డదా?"

"ఆ, క్లియర్‌గా."

కొట్టాను. నేను వేయాల్సిన ఎర్రబంతి కదల్లేదు. అంకుల్ లేచొచ్చి హోల్‌లోకి తొంగిచూశారు.

"లేని బంతి పడే ఉంటది తల్లీ. ఇగ ఆ కర్ర ఇటియ్యి."